గంపలో మామిడికాయ ఎందుకు వేడెక్కుతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ఎక్కువగా విజయవాడ, గుంటూరు నుంచే వచ్చాయి. ఎండలు మొదలయ్యాయి కదా, ఊపిరి, చెమట, నీళ్లు, దాహం అంటూ అన్నీ ఒళ్లు చేసే పనుల గురించే అడిగారు. జీవక్రియలు అనగానే టెన్త్ పుస్తకంలో నాలుగు మార్కుల ప్రశ్న గుర్తొస్తుంది గానీ, ఈ ఉత్తరాలు చూస్తే వంటింట్లో, చేపల చెరువు గట్టున, ఆసుపత్రి బెడ్ పక్కన కూడా జనం వాటి గురించే ఆలోచిస్తున్నారని తెలిసి చాలా సంతోషమేసింది.

ప్రశ్న: కదిలేదానికే ప్రాణం ఉంటుందని మా అమ్మమ్మ అంటుంది. మా నాన్న మిర్చి యార్డులో పనిచేస్తారు. టిక్కీలో (గోనెబస్తాలో) ఉన్న ఎండుమిరపకాయ గింజ కదలదు, తినదు, పెరగదు. దానికి ప్రాణం ఉన్నట్టా, లేనట్టా సార్? – టెన్త్ విద్యార్థిని, గుంటూరు

మంచి ప్రశ్న తల్లీ. మీ నాన్నగారిని అడిగి నాలుగైదు రకాల ఎండుకాయలు తెచ్చుకో. గింజలు విడదీసి ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట పెట్టు. గుడ్డ ఆరిపోకుండా చూసుకుంటూ వారం, పదిరోజులు ఓపిక పడితే కొన్నిటికి సన్నగా తెల్లటి మొలక వస్తుంది. మొలకొచ్చిన గింజ చచ్చిన గింజ కాదు, కల్లంలో ఎండకు ఎండి టిక్కీలో కుక్కించుకున్నా దానిలో ప్రాణం పోలేదు. అయితే ఆ మొక్కలు నారుమడికి పనికిరావు. ఇప్పుడు పొలాల్లో వేసేవి చాలావరకు హైబ్రిడ్లు, ఆ గింజ నుంచి వచ్చిన మొక్క తల్లిమొక్కలాగే కాస్తుందన్న నమ్మకం లేదు. ప్రయోగానికి మాత్రం భేషుగ్గా ఉంటాయి.

మరి అన్నాళ్లూ ఆ గింజ ఏం చేస్తున్నట్టు? దాదాపు ఏమీ చేయనంత నెమ్మదిగా బతుకుతూ ఉంటుంది. నీరు బాగా తగ్గిపోవడంతో లోపలి రసాయన చర్యలు మందగిస్తాయి. దాచుకున్న ఆహారం అతి కొద్దికొద్దిగా ఖర్చవుతుంది, ఈలోపు లోపలి భాగాలు కూడా కొద్దికొద్దిగా పాడవుతుంటాయి. తడి తగిలిన వెంటనే ఆ పాడైనవాటిని బాగుచేసుకోవడం మొదలుపెడుతుంది. పాడైంది బాగుచేసుకోలేనంత అయితే ఇక మొలవదు, అందుకే పాత విత్తనం మొలక శాతం ఏడాదికేడాది పడిపోతుంది. ఇందులోనూ ఆశ్చర్యాలున్నాయి. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట తవ్వకాల్లో దొరికిన, సుమారు 2000 ఏళ్ల నాటి ఖర్జూరం గింజను 2005లో నాటితే అది మొలిచి చెట్టయింది. అంత పొడి ప్రాంతం కాబట్టే అది సాధ్యమైంది.

మీ అమ్మమ్మ మాటను కొట్టిపారేయకు. కదలిక ఉండాలన్నది నిజమే, కాకపోతే అది కంటికి కనిపించేదే కానక్కర్లేదు. ప్రాణమున్న ప్రతి కణంలోనూ అణువులు లోపలికీ బయటికీ పోతుంటాయి, పాతవి విడిపోయి కొత్తవి తయారవుతుంటాయి. తినడం, ఊపిరి తీసుకోవడం, రక్తం తిరగడం, మూత్రం పోవడం ఇవన్నీ ఆ పని ఆగకుండా సాగడం కోసమే. పరీక్షలో పోషణ, శ్వాసక్రియ, రవాణా, విసర్జన అని నాలుగు పేర్లు రాస్తే మార్కులొస్తాయి. కానీ నాలుగూ ఒకే పని కోసమని గుర్తుపెట్టుకుంటే పాఠం జన్మలో మరిచిపోవు.

ప్రశ్న: ఏటా నూజివీడు నుంచి రసాలు తెప్పించుకుని ఇంట్లోనే గడ్డిలో మాగేస్తాం. రెండో రోజు గంపలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. పొయ్యి లేదు, ఎండ లేదు, ఆ వేడి ఎక్కడిది? – గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

కాయలదేనండీ. చెట్టు నుంచి కోశాక కాయ చచ్చిపోయిందనుకుంటాం గానీ అది బతికే ఉంటుంది. దానిలోని కణాలు గాలిలోంచి ఆక్సిజన్ తీసుకుంటూ, కాయలో ఉన్న చక్కెరను విడగొట్టి శక్తి తీసుకుంటూ, కార్బన్ డయాక్సైడునూ నీటి ఆవిరినీ వదులుతూ ఉంటాయి. అంటే మనం చేసే శ్వాసక్రియే, ముక్కూ ఊపిరితిత్తులూ లేకుండా. అలా వచ్చిన శక్తిలో సగానికంటే తక్కువే కణం పనికి వాడుకోగలుగుతుంది, మిగతాది వేడిగా బయటికి పోతుంది. ఒక్క కాయ దగ్గర ఆ వేడి మనకు తెలియదు. వంద కాయలు గడ్డి కప్పుకుని ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే వేడి పోయే దారి లేక గంపంతా వెచ్చబడుతుంది.

మామిడిలో ఇంకో విశేషం ఉంది. పండే దశకు వచ్చేసరికి దాని శ్వాసక్రియ ఒక్కసారిగా పెరిగిపోతుంది. అరటి, సపోటా, జామ కూడా ఇంతే, నిమ్మ, ద్రాక్ష మాత్రం ఇలా చేయవు, అందుకే అవి కోశాక మాగవు. ఈ మార్పును రేపేది కాయే తయారుచేసుకునే ఇథిలీన్ అనే వాయువు. ఒక కాయ వదిలిన ఇథిలీన్ పక్క కాయను కూడా పండమని తొందరపెడుతుంది, గడ్డి ఆ వాయువును పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. లోపల పిండిపదార్థం చక్కెరవుతుంది, పులుపు తగ్గుతుంది, గట్టిదనం పోయి రసం దిగుతుంది. మన పెద్దవాళ్లకు ఇథిలీన్ పేరు తెలియదు గానీ గంపలో ఒక మాగిన పండు వేస్తే మిగతావి తొందరగా వస్తాయని బాగా తెలుసు.

మీరు గంపను పూర్తిగా మూసేయకండి. గాలి అసలు ఆడకపోతే కాయలకు ఆక్సిజన్ చాలదు, అప్పుడు అవి ఆక్సిజన్ లేకుండా చక్కెరను విడగొట్టే దారి పడతాయి, ఆల్కహాల్ తయారై పులిసిన కంపు వస్తుంది. రోజుకోసారి తీసి చూసి, మాగినవి ఏరుకుని, మిగతావి తిరగేసి పెట్టండి. కార్బైడ్ పొట్లం మాత్రం ఎవరిచ్చినా ఇంట్లోకి రానివ్వద్దు. దాన్నుంచి వచ్చే ఎసిటిలీన్ తొక్కను పసుపుపచ్చగా మారుస్తుంది గానీ లోపల కండ పచ్చిగానే ఉంటుంది, పైగా దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ లాంటి మలినాలుంటాయి. మన దేశంలో పండ్లు మాగేయడానికి కార్బైడ్ వాడకం నిషేధం.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. చక్కెర విరిగినప్పుడు వచ్చే శక్తిని కణం నేరుగా వాడుకోలేదు, ముందు ఏటీపీ అనే అణువులో పట్టుకుని, అవసరమైన చోట ఖర్చుపెడుతుంది. మామిడికాయలోనూ మీ చేతి కండరంలోనూ ఇదే ఏటీపీ. దాన్ని 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్, అమెరికాలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు విడివిడిగా కనుక్కున్నారు. మన శరీరంలో ఏ క్షణాన చూసినా ఉండే ఏటీపీ చాలా కొద్దే, కానీ అది ఖర్చవుతూ తిరిగి తయారవుతూ ఉండటం వల్ల, రోజు మొత్తంలో తయారైనది లెక్కేస్తే దాదాపు మన బరువంత అవుతుందంటారు శాస్త్రవేత్తలు. అది తయారవడం ఆగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఇంత పెద్ద విషయంలో మనవాడి చెయ్యి ఉందని ప్రతి తెలుగు పిల్లవాడికీ తెలియాలని నా కోరిక.

ప్రశ్న: మాకు కైకలూరు వైపు చెరువులున్నాయి, నేను విజయవాడ నుంచి వెళ్లొస్తుంటాను. పగలంతా బాగుండే చేపలు తెల్లవారుజామున పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, మబ్బు పట్టిన రోజు మరీ ఎక్కువ. మేత తగ్గిందా, జబ్బా? – చేపల రైతు, పటమట

మీరు చెప్పిన వేళను బట్టి చూస్తే మేత తక్కువై కాదు, ఆక్సిజన్ చాలక. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల వేడి ఉన్న లీటరు మంచినీటిలో మహా అయితే ఏడున్నర మిల్లీగ్రాములు కరుగుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అదీ తగ్గుతుంది. అంత తక్కువలోంచి కూడా చేప మొప్పలు చాలా భాగం లాగేసుకోగలవు, మనమైతే పీల్చిన ఆక్సిజన్‌లో నాలుగోవంతే వాడుకుని మిగతాది బయటికి వదిలేస్తాం.

పగలు చెరువులోని పచ్చటి నాచు ఎండ సాయంతో ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక ఆ పని ఆగిపోతుంది గానీ శ్వాసక్రియ ఆగదు. నాచు, చేపలు, అడుగున మిగిలిపోయిన మేతను కుళ్లబెట్టే బాక్టీరియా, అన్నీ రాత్రంతా ఉన్న కాస్త ఆక్సిజన్‌నే వాడుకుంటాయి. సూర్యోదయానికి ముందు గంట అన్నిటికంటే గడ్డు సమయం. మబ్బు పట్టిన రోజైతే పగలు తయారైందే తక్కువ కాబట్టి రాత్రి ఇంకా ముందే కరువొస్తుంది. నీళ్లు చిక్కటి పచ్చగా ఉంటే పగలు ఆక్సిజన్ రీడింగ్ బాగుందని ధీమాగా ఉండకండి, అదే నాచు రాత్రి మీ చేపలతో పోటీ పడుతుంది.

ఆక్సిజన్ మీటరుతో తెల్లవారుజామున కొలిపించండి. లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉంటే నిశ్చింత, 3 కంటే దిగితే చేపలు ఇబ్బంది పడతాయి. మబ్బు రోజుల్లో మేత తగ్గించండి లేదా ఆపేయండి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చేపలు తేలాక కాదు, అర్ధరాత్రి నుంచే వేయండి. బొచ్చె, శీలావతి పైకొచ్చి నోరు తెరిస్తే అది ఆపద సంకేతం. కొరమీను వస్తే కంగారు అక్కర్లేదు, మధ్యమధ్య పైకొచ్చి గాలి పీల్చుకోవడం దాని పుట్టు లక్షణం. ఆక్సిజన్ సరిగ్గా ఉన్నా చేపలు తేలుతుంటే మాత్రం మొప్పలు చూపించాలి, మీ దగ్గరి మత్స్యశాఖ వాళ్లను పిలవండి.

ప్రశ్న: రావిచెట్టు రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తుందట, చింతచెట్టు కింద పడుకుంటే మాత్రం ఊపిరాడదట. నిజమేనా? – బ్రాడీపేట, గుంటూరు

రెండూ నిజం కాదు. వెలుతురు లేకుండా ఆక్సిజన్ వదిలే చెట్టేదీ లేదు. రాత్రిపూట దాదాపు అన్ని చెట్లూ మనలాగే కార్బన్ డయాక్సైడు వదులుతాయి గానీ ఆరుబయట గాలిలో అది ఎటో కలిసిపోతుంది. మీ పక్క మంచం మీద పడుకున్న మనిషి ఊపిరిలో వచ్చేది కూడా ఏమీ తక్కువ కాదు, దానికెవరూ భయపడరు కదా. చెట్టు కింద పడుకునేటప్పుడు పాములు, పురుగులు, ఎండుకొమ్మలు చూసుకోండి చాలు.

ప్రశ్న: మావారికి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ చేస్తున్నారు. రోజుకు లీటరు లోపే నీళ్లు తాగాలన్నారు. ఈ ఎండల్లో ఆయన దాహం దాహం అంటుంటే చూడలేకపోతున్నాను. కిడ్నీలకు నీళ్లు ఎక్కువ తాగితే మంచిదని అందరూ అంటారు కదా? – గుంటూరు

అమ్మా, మీ బాధ అర్థమవుతోంది. ఆ సలహా బాగా పనిచేసే కిడ్నీలున్నవాళ్లకు. మీవారి విషయంలో అది ప్రమాదం, ఎందుకో చెబుతాను.

మంచి కిడ్నీలు రెండూ కలిపి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడకడతాయి. మన ఒంట్లో రక్తమే ఐదు లీటర్లు, అంటే అదే రక్తం రోజంతా మళ్లీమళ్లీ వస్తూ ఉంటుందన్నమాట. అల్మారా సర్దేటప్పుడు ఏది చెత్తో వెతుక్కోకుండా ముందు అన్నీ బయటికి లాగేసి, కావలసినవి తిరిగి లోపల పెట్టుకుంటాం చూడండి, కిడ్నీ అచ్చం అలాగే చేస్తుంది. ఆ 180 లీటర్లలో నీరు, చక్కెర, లవణాలు అవసరమైనంత వెనక్కి తీసుకుని ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రంగా పంపుతుంది. ఆ పని వారంలో ఉన్న 168 గంటలూ సాగుతుంది. డయాలసిస్ మెషిన్ పూటకు నాలుగు గంటల చొప్పున పన్నెండు గంటలు చేస్తుంది. మిగతా సమయంలో తాగిన నీరు చెమటగా, ఊపిరిలో ఆవిరిగా, కొందరికి కాస్త మూత్రంగా పోయినంత పోగా మిగిలింది ఒంట్లోనే ఉండిపోతుంది. కాళ్లు వాస్తాయి, బీపీ పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరి పడుకుంటే ఆయాసం వస్తుంది. గుండె మీద భారం పడుతుంది.

దాహం తగ్గాలంటే ముందు ఉప్పు తగ్గాలి. మన గుంటూరు ఇళ్లలో ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు లేకుండా ముద్ద దిగదు, అదే ఉప్పు ఆయన్ని నీళ్ల కోసం తపించేలా చేస్తుంది. ఇంట్లో అందరూ కొన్నాళ్లు ఆయన ముందు పచ్చడి వేసుకోకుండా ఉంటే చాలా సాయం చేసినట్టు. పొద్దున్నే ఆ రోజు తాగదగిన నీళ్లు ఒక సీసాలో పోసి పెట్టండి, కాఫీ, మజ్జిగ, చారు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. చిన్న గ్లాసు వాడండి, నీళ్లు పుక్కిలించి ఉమ్మేయమనండి, చిన్న ఐసు ముక్క చప్పరించమనండి. రోజూ ఒకే వేళకు బరువు చూసి రాసుకోండి. ఒక్కరోజులో కిలో పెరిగారంటే అది కండ కాదు, నీరే.

అన్నిటికంటే ముఖ్యమైనది పొటాషియం. ఎండకు మంచిదని చుట్టాలు కొబ్బరిబోండాలు పట్టుకొస్తారు, దయచేసి వద్దనండి. కొబ్బరినీళ్లలో, అరటిపండులో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె కొట్టుకునే లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పు కూడా ఈయనకు పనికిరాదు, అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. చెమట బాగా పట్టే రోజుల్లో కొలత మార్చాలా అన్నది ఆయన డాక్టరుగారినే అడగండి, మీ అంతట మీరు మార్చకండి.

ప్రశ్న: బెంజి సర్కిల్ దగ్గర ఆటో తోలుతాను. మే నెలలో సీసాలకు సీసాలు నీళ్లు తాగినా సాయంత్రానికి కాళ్లు పీకేసి, తల తిరిగి ఉసూరుమంటున్నాను. – విజయవాడ

చెమటతో నీళ్లే కాదు, ఉప్పు కూడా పోతుంది తమ్ముడూ. మీరు ఉత్త నీళ్లే పోస్తుంటే రక్తంలో సోడియం పలచబడుతుంది, నీరసం, కాళ్లు పట్టెయ్యడం, తలతిరుగుడు దానివల్ల రావచ్చు. పైగా చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, లీటరు చెమట ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. విజయవాడ ఉక్కపోతలో చెమట ఆరకుండా కారిపోతుంది, నీరూ ఉప్పూ పోయినా చల్లదనం దక్కదు.

ఉప్పేసిన మజ్జిగ మంచిది. మరీ నీరసంగా ఉంటే ఓఆర్‌ఎస్ తాగండి, ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి, రంగురంగుల తీపి డ్రింకులు దానికి బదులు కావు. ప్యాకెట్ దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు తలకొట్టిన టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపండి, కొలత తప్పద్దు. పంచదార రుచి కోసం కాదు. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్లే ద్వారం ఉంది, ఆ రెండూ వెళితే వెంట నీరు వెళుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపి తాగించారు. దాదాపు 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. బీపీ, షుగరు, గుండెజబ్బు ఉంటే మాత్రం ముందు డాక్టరును అడగండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే, మతి తప్పినట్టుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిపి, గాలి విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ మాట మీ స్టాండులో అందరికీ చెప్పండి.

ప్రశ్న: కృష్ణలో ఈతకెళ్లినప్పుడు ముందు గబగబా ఇరవై ముప్ఫై ఊపిరులు తీసుకుని మునిగితే ఎక్కువసేపు ఉండొచ్చని ఫ్రెండ్స్ అంటున్నారు. చేసి చూశాను, నిజంగానే ఎక్కువసేపు ఉన్నాను. – ఇంటర్ విద్యార్థి, విజయవాడ

ఇకపై చేయకు. ఎక్కువసేపు ఉండగలగడమే ఇందులో ప్రమాదం. ఊపిరి బిగబట్టినప్పుడు ఇక ఆగలేను అనిపించేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ముఖ్యంగా రక్తంలో కార్బన్ డయాక్సైడు పెరిగినందుకు. మెదడు కింది భాగంలోని శ్వాసకేంద్రం దాన్ని పసిగట్టి ఊపిరి తీసుకోమని తరుముతుంది. నువ్వు గబగబా ఊపిరులు తీస్తే ఆక్సిజన్ పెద్దగా పెరగదు, అది ముందే నిండుగా ఉంటుంది. కార్బన్ డయాక్సైడు మాత్రం బాగా తగ్గిపోతుంది. అప్పుడు నీళ్లలో హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది, అది వచ్చేలోపే ఆక్సిజన్ పడిపోయి స్పృహ తప్పుతుంది. ఏ ఇబ్బందీ అనిపించకుండానే మనిషి మునిగిపోతాడు, బాగా ఈత వచ్చినవాళ్లూ ఇలా పోతారు. మెదడుకు నాలుగైదు నిమిషాలు ఆక్సిజన్ అందకపోతే కోలుకోలేని దెబ్బ తగులుతుంది, బురదనీళ్లలో ఆ సమయంలో మనిషిని వెతికి తీయడం ఎంత కష్టమో ఆలోచించు.

ఈ మెసేజ్ నీ ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టు. ఎవరైనా మునిగితే ఈత రానివాళ్లు దూకకుండా తాడో, కర్రో, ఖాళీ డబ్బానో అందించండి. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం చేయకండి, టైమ్ వృథా అవుతుంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదండి, ఆ తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కి 2 సార్లు ఊదుతూ, 108 వచ్చేదాకా ఆపకుండా చేయండి. దీన్నే సీపీఆర్ అంటారు, మీ కాలేజీలో దాని శిక్షణ పెట్టించమని లెక్చరర్లను అడగండి, పెట్టేదాకా అడుగుతూనే ఉండండి.